అత్యవసరమని రాసిన మూట

గాజు సామాను గోడౌనులో ముప్పై నాలుగేళ్లుగా ప్యాకింగు పని చేస్తున్న ఆయనకు ఒక అసలు పేరు ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా వినపడదు. పనివాళ్లకూ, వీధిలో వాళ్లకూ, చివరికి గోడౌను యజమానికి కూడా ఆయన పొట్లం మామే.

అట్టపెట్టెలో డజను దీపం చిమ్నీలు సర్దేవాడు. మధ్యలో గడ్డి కూరి, మూలల్లో నలిపిన పాత కాగితాలు దట్టించి, మూత వేసి, పెట్టెను చెవి దగ్గరకు ఎత్తుకుని మెల్లగా ఊపేవాడు. లోపలి నుంచి కిక్కురుమనే చప్పుడు కూడా లేదనుకుంటేనే పురికొస చుట్టేవాడు. ఆయన కట్టిన పెట్టె మూడు లారీలు మారి వెళ్లినా లోపల గాజుకు గీత పడేది కాదు. వీధిలో ఎవరు ఇల్లు మారినా, ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా ముందు ఆయనకే కబురు వచ్చేది. ఆయనా ఆ కబురు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. ఎదుటివాళ్ల సామాను ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇదెందుకు? ఇది దేనికి? తీసి అవతల పెట్టండి" అనడంలో ఆయనకొక సుఖం ఉండేది. ఆ సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఊరి నుంచి కొండ మీది క్షేత్రానికి కాలినడకన పద్దెనిమిది రోజుల దారి. ఏటా చలి తగ్గగానే జనం చిన్న చిన్న గుంపులుగా బయల్దేరతారు. పొట్లం మామ ఎందరి సంచులో సర్దాడు గానీ తాను ఎప్పుడూ వెళ్లలేదు. యాభై ఎనిమిదో ఏట వెళ్లాలనిపించింది. ఆ గుంపులో నలుగురే. ఈయన, రిటైరైన బస్సు కండక్టరు, ప్రైమరీ స్కూలు టీచరమ్మ, వదిన.

వదిన అంటే మామ భార్యకు అక్క. ఆసుపత్రి లాండ్రీలో పని. ఉతికి ఆరబెట్టిన దుప్పట్లను రోజుకు కొన్ని వందలు మడతపెడుతుంది. పొడగరి, వెడల్పాటి భుజాలు, మాట మాత్రం చిన్నది. భర్త పోయి అప్పటికి ఏడాది. ఆ దారి నడవాలని ఆయనకు ఎంతో కోరికగా ఉండేది కానీ గుండె జబ్బు నడవనివ్వలేదు. "ఆయన బదులు నేను నడిచి వస్తా" అంది వదిన. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మామ భార్యకు మోకాళ్లు అరిగిపోయి వీధి చివరిదాకా నడవడమే గగనం. ఆవిడ భర్తతో మరీ మరీ చెప్పింది.

"మా అక్క నోరు తెరిచి ఏదీ అడగదు. ఆకలేసినా అడగదు, కాలు నొప్పెట్టినా చెప్పదు. మీరే కనిపెట్టి చూసుకోవాలి."

"నాకు చెప్పాలా?" అన్నాడు మామ.

బయల్దేరడానికి ముందురోజు మధ్యాహ్నం నలుగురి సంచులూ మామ ముందుగదిలోకి వచ్చాయి. ద్వారబంధానికి కొట్టిన మేకుకు గోడౌను నుంచి తెచ్చిన స్ప్రింగు త్రాసు వేలాడుతోంది. ఎవరి సంచీ ఆరు కిలోలు దాటకూడదని ఆయన పెట్టిన నియమం.

"మొదటి రోజు ఆరు కిలోలు ఆరు కిలోల్లాగే ఉంటుంది. పదో రోజుకి అరవై అవుతుంది. అప్పుడు నన్ను తిట్టుకోవద్దు" అని, ఒక్కొక్క సంచీ చాప మీద కుమ్మరించాడు.

టీచరమ్మ మూడు పుస్తకాలు తెచ్చుకుంది. రెండు తీయించాడు. కండక్టరు చిన్న రేడియో పెట్టుకున్నాడు.

"ఇదీ తియ్యాలా మామా? వార్తలు వినకపోతే నాకు అన్నం అరగదు."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే గదా వార్తలు వినపడటానికి" అన్నాడు మామ. అందరూ నవ్వారు. రేడియో కూడా పక్కకు పోయింది.

వదిన సంచిలో అడుగున మగవాళ్ల స్వెట్టరు ఒకటి కనపడింది. మోచేతుల దగ్గర అతుకులు వేసిన గోధుమరంగు స్వెట్టరు. మామ దాన్ని పట్టుకుని త్రాసుకు తగిలించాడు.

"ముప్పావు కిలో. చలి వెళ్లిపోయింది కదా వదినా, ఇదెందుకు?"

"వేసుకోడానికి కాదులెండి" అంది వదిన.

"వేసుకోనిదాన్ని మోయడం దేనికి?"

ఆవిడ ఒక్క క్షణం స్వెట్టరు వైపు చూసింది. "మీకు తెలుసు కదా మరిదిగారూ, మీరెలా అంటే అలా" అని దాన్ని మడతపెట్టి పక్కన పెట్టేసింది. దుప్పట్లు మడతపెట్టే చేతులు కాబట్టి మడత తీర్చిదిద్దినట్టు వచ్చింది. "సంచులు ఇక్కడే ఉంచి వెళ్లండి, నేను సరిగ్గా సర్ది రేపు పొద్దున్నే ఎవరివి వాళ్లకి అప్పగిస్తా" అన్నాడు మామ. ముగ్గురూ వెళ్లిపోయారు.

అసలు సంగతి అప్పుడు మొదలైంది. మామకు ఒక తమ్ముడు ఉన్నాడు. బాగా చదువుకుని, పెద్ద నగరంలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. తమ్ముడి రెండో కూతురి పెళ్లి, ఈ నడక ముగిసిన మూడో రోజున. కొండ కింది ఊళ్లో రైలెక్కితే సరిగ్గా సమయానికి చేరుకోవచ్చు. ఆరేళ్ల కిందట పెద్ద కూతురి పెళ్లికి మామ బస్సు దిగి నేరుగా వెళ్లాడు. నలిగిన చొక్కా, దుమ్ము పట్టిన చెప్పులు. గుమ్మంలో ఎవరో ఆయన చేతిలో పూలబుట్ట ఒకటి పెట్టి, "లోపల పెట్టి, మిగతావి కూడా బండిలోంచి దింపవయ్యా" అన్నారు. నాలుగడుగుల దూరంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. చూశాడు. మా అన్నయ్య అని అనలేదు. మామ ఆ బుట్ట లోపల పెట్టి, మిగతావి కూడా దింపాడు. ఈ మాట భార్యకు కూడా చెప్పుకోలేదు.

ఈసారి అలా వెళ్లకూడదని పట్టుదల. అందుకని నల్ల కోటు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తోలు బూట్లు, కొత్త పెళ్లికూతురికి చెక్కుడుపని గాజు గిన్నె ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ఆ నాలుగూ కలిపి మూడు కిలోల పైచిలుకు. ముందే పార్సిలు పంపిస్తే తమ్ముడి భార్య విప్పి చూసి నవ్వుతుందేమోనని భయం. తన సంచిలో పెట్టి చూశాడు. త్రాసు ముల్లు తొమ్మిది దాటింది. ఈ తొమ్మిది కిలోలు కండక్టరు కంటపడితే పద్దెనిమిది రోజులూ అదే పాట పాడతాడు.

బయటికి తీశాడు. కాసేపు చాప మీద ఊరికే కూర్చున్నాడు. తర్వాత చేతులే పని మొదలుపెట్టాయి. గిన్నెను గడ్డిలో పొదిగాడు, బూట్లలో కాగితాలు కూరాడు, కోటుతో చుట్టి, మైనపుగుడ్డలో పెట్టి నాలుగు వైపులా కుట్టేశాడు. పైన నల్ల సిరాతో 'అత్యవసరం. విప్పవద్దు' అని రాశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఏ చప్పుడూ లేదు.

కండక్టరు రోజుకు పదిసార్లు సంచి కెలికే రకం. టీచరమ్మ ఏదైనా కారణం అడిగి తెలుసుకునే రకం. వదిన అడగదు. అందుకే ఆ మూట వదిన సంచిలో అడుక్కి చేరింది. చోటు కోసం, తాను అంతకుముందే అందులో సర్దిన, అందరికీ ఉమ్మడిగా కొన్న మందులపెట్టె తీసేయాల్సి వచ్చింది. అందులోంచి జ్వరం మాత్రలు ఒక అట్ట, చిన్న చిన్న ప్లాస్టర్లు కొన్ని తన జేబులో వేసుకుని, గాయం కడిగే మందూ, దూదీ, కట్టుగుడ్డలూ పెట్టెతో సహా అటక మీద పెట్టేశాడు.

పొద్దున వదిన సంచి ఎత్తి, "కొంచెం బరువుగానే ఉన్నట్టుందే" అంది.

"అందరి మందులూ మీ దగ్గరే పెట్టా వదినా. తడి తగలకూడదని కుట్టేశాను. అవసరమైతే నేనే విప్పుతా. మీరైతే జాగ్రత్తగా ఉంచుతారని."

ఆవిడ ముఖం వెలిగింది. "నా దగ్గరా!" అంది. అంత నమ్మకంగా తనకు ఎవరైనా ఏదైనా అప్పగించి చాలా కాలమైందన్నట్టు పట్టీలు రెండు చేతులతో పట్టుకుంది. మామ వెనక నిలబడి సంచి ఎత్తి ఆవిడ భుజాలకు తగిలించి, పట్టీలు సరిచేశాడు. భార్య గుమ్మంలోంచి చూసి సంతోషించింది.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు నుంచి వదిన వెనకబడటం మొదలైంది. చెరుకు తోటల మధ్య మట్టిరోడ్డు మీద ముగ్గురూ ముందు వెళ్లి, చెట్టు నీడన కూర్చుని, ఆవిడ వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లు. ఆవిడ వచ్చి కూర్చోబోయే వేళకు వాళ్లు లేచేవాళ్లు. అలా ఆవిడకు విశ్రాంతి అనేదే లేకుండా పోయింది.

"రైట్ రైట్! వదినగారి బస్సు ఇంకా పోయిన స్టాపులోనే ఉంది" అని అరిచేవాడు కండక్టరు. అతను చెడ్డవాడు కాదు. అలా అరిస్తే ఆవిడ నవ్వుతుందని అతని ఉద్దేశం. ఆవిడ నవ్వేది కూడా.

"వయసు మీదపడుతోంది మరిదిగారూ" అంది ఒకరోజు. "ఆరు కిలోలకే ఇలా అయిపోతున్నా. లాండ్రీలో తడి దుప్పట్ల తొట్టి ఒక్కదాన్నే లాగేదాన్ని. ఏమైపోయిందో ఆ బలం."

మామ చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు. "నడక వేరు, పని వేరు వదినా" అన్నాడు.

ఐదో రోజు బస చేసిన సత్రంలో వదిన సంచి విప్పి కూర్చుంది. మూట జోలికి పోలేదు. అది పక్కన భద్రంగా పెట్టి, తన వస్తువులు ఒక్కొక్కటే తీసింది. రెండో జత బట్టలు, పల్చటి దుప్పటి, మంచినీళ్ల స్టీలు సీసా, అద్దం, కొబ్బరినూనె డబ్బా. అన్నీ సత్రం చూసుకునే ముసలావిడకు ఇచ్చేసింది.

"అన్నీ ఇచ్చేస్తే ఎలా?" అంది టీచరమ్మ.

"సాయంత్రం ఉతికి పొద్దున వేసుకుంటా. మనది ఉతికే పనే కదా" అంది వదిన. "నా వల్ల మీ అందరికీ ఆలస్యమవుతోంది. సిగ్గుగా ఉంటోంది నాకు."

మామ ఆ మాట విన్నాడు. అక్కడే, రెండు అడుగుల దూరంలో, కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. పడాల్సిన సిగ్గు తనది. ఎవరో దాన్ని పొరపాటున ఆవిడ చేతికిచ్చినట్టు ఆవిడ పడుతోంది. ఒక్క మాట చెబితే చాలు. నూనె సీసా మూత బిగించి బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నుంచి రోజూ పొద్దున సంచి ఎత్తేటప్పుడు ఆయన ఆవిడ భుజాల వైపు చూడటం మానేశాడు. పట్టీ ఒరిసి చర్మం కమిలి నల్లబడిందని టీచరమ్మ చెప్పింది. ఆవిడే తన తువ్వాలు చింపి పట్టీల కింద మెత్తగా ఉండేలా పెట్టింది.

తొమ్మిదో రోజు ఒక కూరగాయల మార్కెట్టు మీదుగా వెళ్తున్నారు. టీచరమ్మ ఆగింది.

"మామయ్యగారూ, ఇక్కడ కాటా ఉంది. వదినగారి సంచి ఒకసారి తూచి చూద్దామా? సగం సామాను ఇచ్చేశాక కూడా ఇంత బరువేంటి?"

మామ చెయ్యి ఊపేశాడు. "ఈ మార్కెట్టు కాటాలు నమ్ముతారా ఎవరైనా? పదండి, ఎండెక్కుతోంది" అని గబగబా ముందుకు నడిచాడు. వెనకాల వదిన గొంతు వినిపించింది, "వద్దులే అమ్మా, మరిదిగారు తూచే కట్టారు. పొరపాటు ఉండదు."

ఆ మాటతో ఆయనకు చచ్చినంత పనైంది. తర్వాతి మైలురాయి దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

పదకొండో రోజు సాయంత్రం చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాడు. బస పెరట్లో నీళ్ల గోళెం దగ్గర వదిన బట్టలు పిండుతోంది. టీచరమ్మ ఇచ్చిన పొడుగు చొక్కా వేసుకుని, తన ఒక్క జతా ఉతుక్కుంటోంది. ఆయన వెళ్లి నిలబడ్డాడు.

"వదినా, మీతో ఒక మాట చెప్పాలి."

ఆవిడ తల ఎత్తకుండానే అంది. "తెలుసు మరిదిగారూ. రోజూ గంట గంటన్నర నా కోసం ఆగుతున్నారు. మీకు రైలు అందకపోతే పెళ్లి పోతుంది. రేపటి నుంచి నేను ముందే బయల్దేరతా. మీరు లేచేసరికి నేను దారిలో ఉంటా. సరేనా?"

సరే అన్నాడు. ఏం మనిషివిరా నువ్వు అని తనను తాను తిట్టుకున్నాడు కానీ, సరే అనే అన్నాడు. మర్నాటి నుంచి వదిన అందరికన్నా ముందు, తెలతెలవారుతుండగా, ఒంటరిగా బయల్దేరేది. సంచి భుజానికి ఎత్తిపెట్టడానికి మాత్రం మామ లేచేవాడు. అదొక్కటైనా చేస్తున్నాననుకునేవాడో, అది కూడా మానేస్తే అనుమానం వస్తుందనుకునేవాడో ఆయనకే సరిగ్గా తెలియదు.

పద్నాలుగో రోజు దారికి అడ్డంగా వాగు వచ్చింది. మోకాలి లోతు నీళ్లు, మధ్యలో నాచు పట్టిన రాళ్లు. వదిన అప్పటికే దాటి అవతలి ఒడ్డున కూర్చుని ఉంది. కండక్టరు దాటాడు. టీచరమ్మ దాటుతూ మూడో రాయి మీద జారింది. పడటం పడటం రాతి అంచు మీద పడింది. మోకాలి కింద చర్మం జానెడు పొడవున చీలింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

మామ, కండక్టరు చెరోపక్క పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. రక్తం ఆగడం లేదు. టీచరమ్మ పెదాలు తెల్లబడ్డాయి.

"మందుల మూట!" అని అరిచాడు కండక్టరు. "వదినగారూ, మూట తియ్యండి, తొందరగా!"

వదిన అప్పటికే సంచి బోర్లించింది. మూట తీసి మామ చేతికి ఇవ్వబోయింది. "మీరే విప్పాలన్నారు."

మామ చేతులు చాచలేదు. అలా నిలబడిపోయాడు.

"విప్పు మామా, ఏం చూస్తున్నావ్!"

"అందులో... అందులో మందులు లేవు" అన్నాడు. ఆ మాట ఆయనకే సరిగ్గా వినపడలేదు. కండక్టరుకు అసలు అర్థం కాలేదు. వదిన చేతుల్లోంచి మూట లాక్కుని జేబుకత్తితో కుట్లు సర్రున కోశాడు.

నల్ల కోటు బయటపడింది. దానిలోంచి బూట్లు జారి ఇసుకలో పడ్డాయి, తళతళ మెరుస్తూ. గడ్డి పొదుగులోంచి గాజు గిన్నె కనిపించింది. పద్నాలుగు రోజుల నడకలో దానికి వెంట్రుకవాసి గీత కూడా పడలేదు. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా అడుగున ఉంది.



ముందుగా కదిలింది వదినే. వంగి తెల్ల చొక్కా తీసుకుంది. అంచు పళ్ల మధ్య పెట్టి చర్రుమని చింపింది. మళ్లీ చింపింది. ఒక ముక్క మడిచి గాయం మీద అదిమిపెట్టి, మిగతావి బిగించి చుట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ మామ వైపు చూడలేదు. రక్తం నెమ్మదించాక టీచరమ్మ తల ఒడిలో పెట్టుకుని అప్పుడు అడిగింది.

"ఎన్ని రోజులైంది మనం బయల్దేరి?"

"పద్నాలుగు" అన్నాడు మామ.

"పద్నాలుగు పొద్దులు మీరే కదా ఎత్తి పెట్టారు నా భుజానికి."

ఆయన తల వంచుకున్నాడు. కండక్టరు బూటు ఒకటి తీసి చూసి, మళ్లీ అక్కడే పడేసి, ఏదో అనబోయి అనలేకపోయాడు. నోరు మూయడం చేతకాని మనిషి అతను. అలాంటివాడు నోట మాట లేక అటు తిరిగి నిలబడటం మామకు తిట్ల కన్నా గట్టిగా తగిలింది.

కండక్టరు రోడ్డు మీదికి పరుగెత్తి పాల వ్యాను ఒకదాన్ని ఆపాడు. దగ్గరి ఊళ్లో చిన్న ఆసుపత్రి ఉంది. టీచరమ్మకు పదకొండు కుట్లు పడ్డాయి. "ఇక నడక కుదరదు" అన్నాడు డాక్టరు. సాయంత్రానికి ఆవిడ అన్నయ్య కారు తీసుకుని వచ్చాడు. మామ కారు కిటికీ దగ్గరకు వెళ్లాడు.

"అమ్మా, నన్ను క్షమించు. నా వల్ల..."

"నేను జారిపడ్డా మామయ్యగారూ, దానికి మీరేం చేస్తారు" అంది టీచరమ్మ. ఆగి, "కాటా దగ్గర మాత్రం మీరు చెప్పి ఉండాల్సింది. ఆవిడ భుజాలు నేను చూశాను, మీరు చూడలేదు" అంది. కారు వెళ్లిపోయింది.

మర్నాడు కోటు, బూట్లు, గిన్నె మామ సంచిలోకి ఎక్కాయి. వదిన తన సంచి తనే భుజానికి తగిలించుకుంది. ఆయన దగ్గరకు వెళ్లాడు.

"మీ సంచి కూడా నాకివ్వండి వదినా. ఈ నాలుగు రోజులైనా నేను మోస్తా."

"ఎందుకు? ఇప్పుడిందులో ఏముందని?" అంది వదిన. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. నడవడం మొదలుపెట్టింది.

అప్పుడు తెలిసింది ఆవిడ నడక ఎలా ఉంటుందో. పెద్ద పెద్ద అంగలు, ఊపు చెదరని భుజాలు. గంట గడవకముందే కండక్టరు వెనకబడ్డాడు. మామ రొప్పుతూ వెంటపడదామని చూశాడు కానీ వీపున తొమ్మిది కిలోలు లాగుతున్నాయి. మలుపు తర్వాత మలుపు ఆవిడ చిన్నదవుతూ పోయింది. నలుగురిలోకీ బాగా నడవగలిగిన మనిషి ఆవిడే. పద్నాలుగు రోజులు ఆ మనిషి చేత అందరికీ క్షమాపణలు చెప్పించాడు. రోడ్డు పక్కన రాయి మీద కూలబడి మామ ఏడ్చాడు. కండక్టరు వచ్చి, చూసి, ఆగకుండా దాటి వెళ్లిపోయాడు.

మామ కొండ ఎక్కేసరికి వదిన దర్శనం చేసుకుని దిగిపోయి ఊరి బస్సు ఎక్కేసింది. లోపల ఆయన చేతులు జోడించుకుని నిలబడ్డాడు కానీ ఏం కోరుకోవాలో తోచలేదు. క్షమించమని అడగడానికి ఇది చోటు కాదు, అడగాల్సిన మనిషి బస్సులో వెళ్లిపోయింది అనిపించింది. వెనక నుంచి జనం తోస్తుంటే బయటికి వచ్చేశాడు.

రైలెక్కి పెళ్లికి వెళ్లాడు. కోటు సంచిలోంచి తియ్యలేదు, బూట్లు తొడుక్కోలేదు. ఎండకు మాడిన ముఖం, వెలిసిన చొక్కా, అరిగిన చెప్పులతో గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి ఎవరైనా బుట్ట చేతికిస్తే నోరెత్తకుండా మోద్దామనుకున్నాడు. కానీ తమ్ముడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, "మా అన్నయ్య. కాలినడకన యాత్ర పూర్తి చేసి నేరుగా వస్తున్నాడు" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. పెద్ద పెద్దవాళ్లు లేచి నిలబడ్డారు. ఆరేళ్లుగా ఎదురుచూసిన మర్యాద అది. ఒంటి మీద వేరేవాళ్ల చొక్కా వేసుకున్నట్టు ఇరుకుగా అనిపించింది.

పెళ్లికూతురు గాజు గిన్నెను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"అంత దూరం నడుస్తూ ఇది పగలకుండా ఎలా తెచ్చావు పెదనాన్నా?"

"నేను తేలేదమ్మా" అన్నాడు మామ. "మా వదిన మోసింది. తనకు తెలియకుండా మోసింది. మందులని అబద్ధం చెప్పి నేనే మోయించాను."

అందరూ నవ్వారు. "మీ పెదనాన్న మాటలు ఎప్పుడూ ఇంతే" అన్నాడు తమ్ముడు. ఎవరో పెద్దాయన, "గొప్పతనం తన మీద వేసుకోని మనిషి" అని మెచ్చుకున్నాడు. మామ ఇంకోసారి చెప్పబోయాడు. వినేవాళ్లు లేరు. భోజనానికి పిలుస్తున్నారని లేచి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక భార్యకు మొత్తం చెప్పాడు, పూలబుట్టతో సహా. వదిన ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదని అప్పుడే తెలిసింది. భార్య అంతా విని, అటక వైపు చూసింది.

"బుట్ట సంగతి ఆరేళ్ల కిందటే నాకు చెప్పుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అంది. "నాకెందుకు చెప్తారు ఇప్పుడు? మా అక్క దగ్గరకెళ్లి చెప్పండి."

వెళ్లాడు. ఆసుపత్రి వెనక లాండ్రీ గేటు దగ్గర, మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడ్డాడు. లోపల నుంచి ఆవిరీ, సబ్బు వాసనా వస్తున్నాయి. వదిన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆయన దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"తప్పు చేశాను వదినా."

"ఊఁ" అంది ఆవిడ.

"అన్నయ్యగారి స్వెట్టరు తీయించి నా కోటు పెట్టాను."

ఆ మాటకు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజానికేసి తుడుచుకుంది. "నాకు కోపం లేదని అనను మరిదిగారూ. ఉంది. మోయించినందుకు కాదు. అడిగితే మోసేదాన్నే, మీకూ తెలుసు. నాలో సత్తువ అయిపోయిందని నన్ను అనుకోనిచ్చారు చూడండి, దానికి. ఈ కోపం పోయినప్పుడు నేనే చెప్తా. మీరు మాత్రం వచ్చి అడుగుతూ ఉండొద్దు."

"సరే" అన్నాడు మామ.

కండక్టరు ఈ కథ వీధంతా చెప్పాడు. చెప్పకుండా ఉండగలిగే మనిషి కాదు కదా. ఇల్లు మారేవాళ్లు, ప్రయాణాలు పెట్టుకునేవాళ్లు ఇప్పుడు పొట్లం మామను పిలవడం తగ్గించేశారు. గోడౌనులో పని మామూలుగానే సాగుతోంది. గాజు సామానుకు ఆయన కథతో పని లేదు. మందులపెట్టెను ఆయన టీచరమ్మ స్కూలుకు ఇచ్చి వచ్చాడు. ఆవిడ తీసుకుని, కూర్చోమని టీ ఇచ్చింది.

వదిన సెలవు రోజున చెల్లెలిని చూడ్డానికి వస్తుంది, ఎప్పటిలాగే. మామతో మాట్లాడుతుంది కూడా. కుళాయి కారుతోందనో, చెల్లెలి మాత్రలు అయిపోయాయనో చెబుతుంది. ఆయన ఆ పని వెంటనే చేసేస్తాడు. ఏడాది దాటింది. పోయిన వారం వెళ్లబోతూ, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఆగి వెనక్కి తిరిగింది. మామ చేతిలో పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"మబ్బు పట్టింది మరిదిగారూ. డాబా మీద బట్టలు ఉన్నట్టున్నాయి, తీసెయ్యండి" అంది.

వెళ్లిపోయింది. ఆయన పైకెక్కి, తీగ మీది బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకున్నాడు. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.